గేటు దాటని కమిటీ

నా మాట విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. లక్సెట్టిపేట దగ్గర గోదావరి దాటించే పడవవాళ్లు విన్నారు. మంచిర్యాల స్టేషన్లో నాతోపాటు బల్ల మీద కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లు విన్నారు. నేనిప్పుడు పనిచేస్తున్న చెన్నూరు బడిలో అటెండరు ఎన్నిసార్లు విన్నాడంటే, నేను ఆగిన చోట అతనే అందుకుని మిగతాది చెబుతాడు. వినవలసిన విశ్వవిద్యాలయం మాత్రం పదకొండేళ్లుగా వినలేదు. రిజిస్టర్డు పోస్టులో పంపిన ప్రతి ఉత్తరానికీ అందినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కి వచ్చింది. ఉత్తరం తీసుకోవడానికి అక్కడ మనుషులున్నారు, జవాబు రాయడానికి లేరు. అందుకే అందరూ చదివేటట్టు ఈ పత్రికలో రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది సంగతి ఇది. అప్పుడు నేను కరీంనగర్‌లో, పట్టణ పెద్దలు చందాలు వేసుకుని పెట్టిన ఒక చిన్న కాలేజీలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్ని. మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. సైన్సులో డిగ్రీ తెచ్చుకుని, మొక్కల గురించి పాఠం చెప్పే ఉద్యోగం దొరికిందని ఇంట్లో చెప్పిన రోజు మా బాపు మగ్గం ఆపి నావైపు చూశాడు.

"గడ్డి చూపెడితే జీతమిస్తరా? మరి రోజూ తినే మన బర్రెకెంత ఇయ్యాలె రా?" అన్నాడు.

అవ్వ పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాట కూడా నాకు గుర్తుంది.

ఆ కాలేజీలో సైన్సు తరగతి మొదలై ఏడాదే అయింది. అంతకుముందు మా వైపు పిల్లలు సైన్సు చదవాలంటే హైదరాబాదు పోవాలి, లేదంటే మానుకోవాలి. ఎక్కువమంది మానుకున్నారు. మా గదిలో రెండు మైక్రోస్కోపులుండేవి, వాటిలో ఒకదాని అద్దం పగిలింది. ఎండబెట్టిన మొక్కలు అంటించిన అట్టలు మాత్రం మాకు చాలా ఉండేవి. వాటిని నేనే చేశాను. సెలవుల్లో జైనూర్ కొండలెక్కి, గోండు గూడేల్లో పడుకుని, ఆకూ పువ్వూ వేరూ తెచ్చి, పాత ఉర్దూ పత్రికల మధ్య పరిచి, పైన బండలు మోపి ఎండబెట్టాను. ఆ పత్రికలు మా కాలేజీ కాపలాదారు ఇచ్చేవాడు. ముసలాయన, అందరం చాచా అనేవాళ్లం. "ఖబర్లు పాతబడ్డా కాయితం పనికొస్తున్నది గద సాబ్" అంటూ కట్ట కట్టి తెచ్చేవాడు.

ఆ వానాకాలం ఫ్లూ జ్వరం వచ్చింది. దేశదేశాలు తిరిగి, ఓడల్లో వచ్చి, రేవుల్లో దిగి రైలెక్కి మా దాకా వచ్చిందని పత్రికల్లో రాశారు. మూడు రోజులు ఒళ్లు కాలేది, తరువాత వారం రోజులు కాళ్లు నిలిచేవి కావు. మా ఊళ్లో చనిపోయినవాళ్లు తక్కువే కాని, పడుకున్నవాళ్లు లేని ఇల్లు లేదు. విశ్వవిద్యాలయం పరీక్షలు వాయిదా వేసింది. చేరవలసిన పిల్లలు చేరలేదు, రావలసిన ఫీజులు రాలేదు. కొత్త ప్రభుత్వం తన ఖర్చులకే తడుముకుంటున్నది, మీ లోటు మీరే సర్దుకోండి అన్నది. విశ్వవిద్యాలయం సర్దుకోవడం మొదలుపెట్టింది. హైదరాబాదులోని తమ భవనాల్లో, తమ తోటల్లో కాదు. జిల్లాల్లోని మాలాంటి కాలేజీల సైన్సు తరగతులకు ఇచ్చే గ్రాంటులో.

ఆ ఉత్తరం మా ప్రిన్సిపాలు నాకు చూపించారు. ఇద్దరు సభ్యుల కమిటీ కాలేజీలన్నీ చూస్తుంది. నడుస్తున్న తరగతికి గ్రాంటు ఉంటుంది. జ్వరాల వల్లో, పిల్లలు లేకనో ఆగిపోయిన తరగతిని మూసేస్తారు. ఏ రోజు వస్తారో రాయలేదు.

"ఎట్లంటరు?" అన్నారు ప్రిన్సిపాలు.

"ఎట్లా గిట్లా ఏం లేదు సార్. ఒక్కరోజు గూడ ఆపను" అన్నాను.

ఆపలేదు. నాకే జ్వరం వస్తే మెడకు మఫ్లరు చుట్టుకుని పాఠం చెప్పాను. జ్వరం తగ్గిన పిల్లల ఇళ్లకు సైకిల్ మీద పోయి, తల్లిదండ్రులతో మాట్లాడి, వెంట తీసుకొచ్చాను. ఎవరొచ్చి చూసినా నడుస్తున్న తరగతి కనబడాలి. నా పంతమంతా అదే.

కమిటీ వచ్చిన రోజు మా పాఠం ఆకుల గురించి. ఒకే కాడకు ఇరువైపులా చిన్న ఆకులు వరుసగా ఉండేవాటిని సంయుక్త పత్రాలంటారు. దానికి వేపను మించిన నమూనా లేదు. పొద్దున్నే హాస్టలు వెనక వేపచెట్టు నుంచి కొమ్మలు తెంపాను. అవసరానికి మించే తెంపాను. మిగిలినవి వరండాలో పడేశాను.

మా కాలేజీకీ హాస్టలుకూ ఒకటే ఆవరణ, ఒకటే గేటు. హాస్టల్లో ముగ్గురు పిల్లలు జ్వరంతో పడుకుని ఉన్నారు. వాళ్లకు వండిపెట్టేది ఒక పెద్దామె, పిల్లలంతా పెద్దవ్వ అని పిలిచేవాళ్లు. నేను వరండాలో పడేసిన కొమ్మలు తీసుకుపోయి ఆమె గేటుకు రెండువైపులా కట్టింది. పసుపు కూడా పూసింది.

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంట్లో మశూచి వస్తే దాన్ని రోగం అనరు, తల్లి వచ్చింది అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు. అవి కనబడితే బయటివాళ్లు లోపలికి రారు. చుట్టాలైనా సరే, బాట మీద నుంచే పలకరించి వెళ్లిపోతారు. ఎవరూ తప్పుపట్టరు. లోపల అడుగుపెడితే తల్లికి కోపం వస్తుందని, వెంట తమ ఇంటికి వస్తుందని నమ్మకం. ఇదంతా నాకు చిన్ననాటి నుంచి తెలుసు. తెలిసే ఆ పొద్దున గేటు దగ్గర ఆగాను.

"పెద్దవ్వా, గిదేంది?"

"యాపమండలు. నువ్వే గద తెంపినవ్."

"నేను తెంపింది పాఠానికి. వాళ్లకొచ్చింది ఫ్లూ, తల్లి గాదు."

"ఒళ్లు కాల్తున్నదా లేదా?"

"కాల్తున్నది."

"పోరగాడు కలవరిస్తుండా లేదా?"

"కలవరిస్తుండు గని..."

"మరి నేను తల్లిని గాదని ఆమె వచ్చి నీకు చెప్పిందా? నువ్వు పోయి ఆకులు లెక్కపెట్టుకో సారూ. గీ పని నాకిడువు."

నేను ఆ కొమ్మలు పీకెయ్యవచ్చు. పీకేస్తే ఆమె మూట కట్టుకుని వెళ్లిపోతుంది. ముగ్గురు పిల్లలకు గంజి కాచి పట్టే మనిషి అప్పుడు ఊరంతా వెతికినా దొరకదు. వదిలేశాను.

ఆ రోజు తరగతిలో పదముగ్గురున్నారు. రెండో గంటలో మోటారు హారన్ వినిపించింది. అది కమిటీ మోటారే అని నాకు తెలిసిపోయింది. కోటు గుండీలు పెట్టుకున్నాను. బోర్డు తుడిచి పాఠం పేరు మళ్లీ గుండ్రంగా రాశాను. "ఎవ్వరు లేవద్దు, ఎవ్వరు చూడద్దు, మీ పని మీరు చేసుకోన్రి" అని పిల్లలకు చెప్పాను. నేనూ ఎదురు పోలేదు. పని ఆపి స్వాగతాలు పలికే తరగతి కాదు, పనిలో మునిగి ఉన్న తరగతి వాళ్లకు కనబడాలనుకున్నాను. ప్రిన్సిపాలు ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. మేము తలలు వంచుకుని వేపాకు కాడలు గీస్తూ కూర్చున్నాం. మెట్ల మీద చప్పుడు కాలేదు. కాసేపటికి మోటారు వెనక్కి తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

నేను దిగి పరుగెత్తేసరికి గేటు దగ్గర చాచా ఒక్కడే ఉన్నాడు.

"మోటారేది చాచా?"

"పోయింది సాబ్."

"పోవుడేంది? ఎవరొచ్చిండ్రు?"

"హైదరాబాద్ సాబులు, ఇద్దరు. డ్రైవర్ దిగిండు, మండలు చూసిండు, గక్కడ్నే నిలబడ్డడు. 'తల్లి ఉన్నదా?' అన్నడు. 'లే భాయ్, ముగ్గురు పోరగాళ్లకు బుఖార్, గంతే' అన్న నేను. గంతట్ల మీ పెద్దవ్వ వంటింట్ల నుంచే ఒక్కటే మొత్తుకునుడు, 'దూరముండు బిడ్డా, తల్లి ఉన్నది' అని. వాడు రెండు చేతులు జోడించి ఎనుకకు ఎనుకకు నడిచిండు."

"మరి సాబులు?"

"ఒక పెద్ద సాబ్ అద్దం దించి చూసిండు. ఆయన గూడ మొక్కిండు సాబ్, మోటార్ల కూసునే. ఇంకో సాబ్ కాయితాలు చూసుకుంటుండె, తలెత్తలే."

"లోపల క్లాసు నడుస్తున్నదని చెప్పలేదా?"

"రెండుసార్లు చెప్పిన. అద్దం ఎక్కించిండ్రు."

సైకిల్ తీసుకుని, అధికారులు బస చేసే ముసాఫిర్ బంగళాకు పోయాను. వాళ్లు అప్పటికే హైదరాబాదు బాట పట్టారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సైన్సు తరగతులు జరగడం లేదని కమిటీ స్వయంగా గమనించినందున, విశ్వవిద్యాలయ ఆర్థిక పరిస్థితి దృష్ట్యా గ్రాంటు నిలిపివేస్తున్నామని అందులో ఉంది. స్వయంగా అన్న మాట కింద నేను గీత గీశాను. ప్రిన్సిపాలు ఆ గీతను చూసి, "ఎన్ని గీతలు గీసినా ఏం లాభం? మీ ఆకులే మన కొంప ముంచినయ్" అన్నారు. పక్కన ఆర్ట్స్ లెక్చరర్లు ఇద్దరు నవ్వారు. ఎవరెవరో నాకు తెలుసు.

పదముగ్గురిలో ఇద్దరు హైదరాబాదులో చేరారు. మిగతావాళ్లు చరిత్రలోకీ అర్థశాస్త్రంలోకీ మారారు. ఒక్క అమ్మాయి మాత్రం చదువే మానేసింది. బజారులో బట్టల దుకాణం నడిపే ముస్లిం కుటుంబం వాళ్లది. కాలేజీ ఊళ్లోనే ఉందని, రోజూ దుకాణం ముందు నుంచే నడిచి పోతుందని వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు. హైదరాబాదుకు పంపేవాడు కాదు. కాడను బ్లేడుతో పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడంలో ఆ తరగతి మొత్తంలో ఆ అమ్మాయి చెయ్యే చెయ్యి. నేనిచ్చిన బ్లేడు కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "వాళ్లు జర లోపలికొచ్చి చూస్తే ఏమైతుండె సార్?" అని అడిగింది. బ్లేడు ఉంచుకొమ్మన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నేను హైదరాబాదు పోయాను. అక్కడ ఒక గుమాస్తా నా అర్జీలోని ఇంగ్లీషును ఎర్ర పెన్సిలుతో దిద్ది, మళ్లీ రాసుకు రమ్మని ఇచ్చాడు. రాసుకుపోయాను. నాలుగో రోజు అద్దం దించి మొక్కిన ఆ పెద్ద ప్రొఫెసరుగారిని చూడనిచ్చారు. గదిలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. నేను చెప్పిందంతా విని, "నీది ఏ ఊరు?" అన్నారు.

"సిరిసిల్ల దిక్కు సార్."

"మీ దిక్కు మండలు కట్టిన ఇంట్లకు పోతరా?"

"పోరు సార్. గని అది ఇల్లు గాదు, కాలేజీ. మీరు సైన్సు చదువుకున్నోళ్లు."

"నేను మా అవ్వ కొడుకును గూడ" అన్నారాయన. "మా తమ్ముళ్లు ఇద్దరు తల్లి వచ్చే పోయిండ్రు. మండలు చూస్తే నాకు కాలు సాగదు" అన్నారు.

భయపడినందుకు ఆయనను ఆనాడూ తప్పుపట్టలేదు, ఈనాడూ పట్టను. గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చామని రాయమన్నాను. లోపల ఏముందో చూడలేదని రాయమన్నాను. చూడనిదాన్ని లేదని రాయొద్దన్నాను.

"పైసలు లేవయ్యా. ఎక్కడనో ఒక్క దగ్గర కొయ్యాలె గద. మీ దగ్గర కోసినం" అని ఆయన గంట కొట్టారు. బంట్రోతు వచ్చి నన్ను బయటికి పంపాడు.

ఒక సంగతి ఇంతవరకు నా ఉత్తరాల్లో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ కొమ్మలు తెంపింది నేను. గేటుకు కట్టింది చూసి విప్పకుండా పోయింది నేను. హారన్ విని, ఎదురు పోకుండా పంతంతో కూర్చున్నది నేను. ప్రిన్సిపాలు అన్న మాట నిజమైపోతుందని దాచాను. ఇందులో నా తప్పు ఎంతుందో లెక్కగట్టి శిక్ష వెయ్యండి, పడతాను. ఒక విధంగా పడ్డాను కూడా. ఉద్యోగం పోయి బడిపంతులునయ్యాను. నా మొక్కల అట్టలు ఎక్కడ పెట్టారో అడిగితే, పురుగులు పట్టాయని తగలబెట్టినట్టు చెప్పారు. కాని నా తప్పు వల్ల, నడిచిన తరగతి నడవనిదైపోదు.

ఇదంతా ముగిసిపోయిన కథ అయితే ఇన్ని కాగితాలు ఖరాబు చేసేవాణ్ని కాదు. ఈ ఏడు ఆ కాలేజీ పెద్దలు సైన్సు తరగతి మళ్లీ ఇమ్మని అడిగారు. గది కట్టించారు, బల్లలు చేయించారు. కొత్త ప్రిన్సిపాలు నాకు తెలియనివాడే అయినా, నా సంగతి ఎవరి దగ్గరో విని, వచ్చిన జవాబుకు నకలు చెన్నూరుకు పంపాడు. గతంలో అక్కడ సైన్సు తరగతులు జరగలేదని కమిటీ స్వయంగా గమనించి ఉన్నందున ఈ విన్నపాన్ని పరిశీలించలేమని ఉంది. పదకొండేళ్ల నాటి ఆ వాక్యాన్నే స్వయంగా అన్న మాటతో సహా ఎత్తి రాశారు. ఆనాడు పదకొండుమందికి సైన్సు చదువు పోయింది. ఈ సంవత్సరం చేరడానికి ఎంతమంది పేర్లిచ్చి కూర్చున్నారో నాకు తెలియదు. వాళ్లలో హైదరాబాదు పంపని ఇళ్ల ఆడపిల్లలుంటారని మాత్రం తెలుసు.

ప్రొఫెసరుగారు రిటైరై ఊరు చేరారట. ఆయనను ఇక కదిలించను. మోటారులో కాగితాలు చూసుకుంటూ తలెత్తని రెండో సభ్యుడు ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలోనే పెద్ద కుర్చీలో ఉన్నారు. ఈ జవాబు కింద ఉన్న సంతకం ఆయనదే. అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ రోజు మీరు మోటారు దిగారా? దిగితే మా గదిలో ఎన్ని కిటికీలున్నాయో చెప్పండి. దిగకపోతే దిగలేదని రాసి, ఈసారైనా మనుషులను పంపి లోపలికి వచ్చి చూడమనండి. కాలేజీలు తెరిచే లోపల ఆ కాలేజీకి మీ జవాబు అందాలి. ఏం రాస్తారో రాయండి.