నేను చూడని ఎరుపు

ఓడల్లో వంటవాడిగా బియ్యం బస్తాలు మోసినవాణ్ణి. బరువులు నాకు కొత్త కాదు. ఇదొక్కటే ఏళ్ల తరబడి దించుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది కళింగపట్నం. అక్కను గరివిడిలో డ్రాయింగు మాస్టారికిచ్చారు. మా బావకు ఒక విదేశీ బొమ్మంటే ప్రాణం. వంతెన మీద ఒక మనిషి చెవులు మూసుకుని, నోరు తెరిచి అరుస్తుంటాడు. వెనక ఆకాశమంతా ఎర్రగా ఉంటుంది. బావ దాన్ని పుస్తకంలోంచి కత్తిరించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. దాన్ని చూసి నకళ్లు వేసేవాడు, బడిలో పిల్లలకూ నేర్పేవాడు. అక్క ఆ అరిచేవాడికి కూడా రోజూ బొట్టు పెట్టేది.

ఒకసారి మా ఓడ ఆ బొమ్మ ఉన్న ఊళ్లోనే ఆగింది. అచ్చులో రంగులు నమ్మలేమని, అసలు ఎరుపు ఎలా ఉందో చూసి రమ్మని బావ ఫోనులో ప్రాధేయపడ్డాడు. ఆఫీసర్ని బతిమాలి వెళ్లాను. మ్యూజియం కౌంటర్లో అందరూ కోట్లు, సంచులు ఇచ్చి టోకెన్లు తీసుకుంటున్నారు. ఇంట్లో బొట్టు పెట్టించుకునే బొమ్మ కదా అని నేను బూట్లు విప్పి ఇచ్చాను. అక్కడి అమ్మాయి వింతగా చూసింది గాని తీసుకుంది.

బొమ్మ ఉన్న గది గుమ్మంలో కాపలా మనిషి నా సాక్సులు చూసి ఆపేశాడు. బూట్లు లేకపోతే రానివ్వరట. ఉంటే రానివ్వని చోట్లే నాకు తెలుసు. బూట్ల కోసం వెనక్కి వచ్చి, ఆ వరుసలో నిలబడి, అవి చేతికొచ్చేసరికి ఓడకు తిరిగి వెళ్లే వేళైంది. వెళ్లిపోయాను.

ఇంటికొచ్చాక నిజం చెప్పొచ్చు కదా?

"ఏటిరా, సూసావా?" అన్నాడు బావ.

"సూసాను బావా."

"ఎరుపు ఎలాగున్నాది?"

"తుఫాను ముందర మన సముద్రం మీద వస్తాది సూడు, అచ్చం అదే."

"అయితే ఇన్నాళ్లూ పిల్లలకి తప్పు నేర్పీసేనన్నమాట" అన్నాడు బావ.

ఎందుకలా అన్నాను? బూట్లు విప్పిన సంగతి తెలిస్తే నవ్వుతాడని సిగ్గు. అంతే. ఆ సిగ్గు కోసం బావ తను వేసిన నకళ్లన్నీ చించేసి, నేను చెప్పిన ఎరుపుతో మళ్లీ వేసుకుని, బడిలో పిల్లలందరిచేతా అదే వేయిస్తూ వచ్చాడు.

మొన్న ఆయన పాత శిష్యురాలు అక్కడికి వెళ్లి, ఆ బొమ్మ ముందు నిలబడి ఫోటో పంపింది. ఎరుపు వేరుగా ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా బావ ఆమెకు ఫోను చేశాడు.

"నీ ఫోను పాడైపోనాదమ్మా. మా బావమరిది కళ్లారా సూసేడు" అన్నాడు.

నా వైపు తిరిగి తలూపాడు. నేనూ ఊపాను.

బావకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. మీతో చెప్పుకున్నాను గనక, ఇవాళ కాస్త అన్నం సయించేలా ఉంది.