వదిన ఉరికిన రోజు

మొన్న ఆదివారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పొడుగాటి సందేశం పంపారు. రైలు ప్రమాదంలో గాయపడితే ఏం చేయాలి అని. కంగారు పడకండి, టికెట్టు పారేయకండి, స్టేషన్ మాస్టరుకు చెప్పండి, రైల్వే పోలీసులకు వాంగ్మూలం ఇవ్వండి, ఆసుపత్రి కాగితాలన్నీ దాచుకోండి, ట్రిబ్యునల్లో దావా వేయండి. అన్నీ మంచి మాటలే. చదివాక ఒక్క ముక్క తక్కువైందనిపించింది. మీ మాటలు కాగితం మీద పెట్టే మనిషికి మీ భాష వచ్చో రాదో ముందు కనుక్కోండి అని కూడా రాయాల్సింది. ఆ మనిషి తెలుగు టీచరైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. మా వదిన విషయంలో ఆ టీచరును నేనే.

నాన్న ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చారు. పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నారు. అన్నయ్య ఇక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. వదిన వాళ్లది పక్క ఊరే, వ్యవసాయ కుటుంబం. పెళ్లయ్యాక ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది, నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పడానికి కుదురుకున్నాను. కింది వాటాలో వాళ్లు, పైన నేనూ మావారూ, వంటగది మాత్రం ఒకటే. అమ్మ ఆవ పెట్టిన కూరకు వదిన ముక్కు విరిచేది, ఆమె పచ్చిపులుసు చూసి అమ్మ చారు కాయడం రాదనుకునేది. నాకేమో దిద్దే జబ్బు. ఏంది కాదు వదినా, ఏమిటి అనాలి అని చెప్పేదాన్ని. "ఏమిటి అంటే నాకేమన్న జీతం పెంచుతరా పిల్ల?" అని ఆమె గిన్నెలు తోముకునేది. ఆ దిద్దుడు అక్కడితో ఆగితే ఈ కథ ఉండేది కాదు.

వికారాబాదు వైపున్న చెల్లెలి ఇంటికి వెళ్లి, వదిన ఒక మధ్యాహ్నం రైల్లో తిరిగి వస్తోంది. మేం దిగే స్టేషన్ పేరు చెప్పను, పాపం దాని తప్పేమీ లేదు. రైలు ఆగేసరికి ఈమె కునుకులో ఉందట, పక్కావిడ తట్టి లేపిందట. లేచి సంచీ పట్టుకుని తలుపు దాకా వచ్చేసరికి బండి ఒక్క కుదుపు కుదిపింది. వదిన ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య పడింది. కుడి మడమ నుజ్జయింది, రెండు కాలివేళ్లు తీసేశారు, కాల్లో రాడ్ వేశారు. టికెట్టు మాత్రం ఆమె చేతిసంచీలో మడత చెడకుండా ఉంది.

మూడో రోజు రైల్వే పోలీసు ఆసుపత్రికి వచ్చాడు. ఆయనకు చెయ్యి నొప్పో, రాయాలంటే విసుగో, నన్ను చూసి "మీరు టీచరు కదా మేడమ్, ఆమె చెప్పింది మీరే రాసివ్వండి" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. వదిన కళ్లు మూసుకుని చెప్పింది. "బండి ఆగింది. నాకు నిద్రవట్టింది, లేపిన్రు. దిగాలెనని ఉరికిన. బండి గుంజింది. పడ్డ." అంతే. అన్నీ పొట్టి వాక్యాలు. పిల్లల వ్యాసాల్లో అలాంటివి కనబడితే కలిపి రాయమంటాను. ఇక్కడా అదే చేశాను. "రైలు కదులుతుండగా దిగాలని దూకి, పడిపోయాను" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మా వైపు ఉరకడమంటే దూకడమే, నూతిలో ఉరికింది అంటే ఇంకో అర్థం లేదు. చదివి వినిపిస్తానంటే వదిన వద్దంది. "నువ్వు రాసినవ్ గద, ఇగ సదువుడెందుకు" అని సంతకం పెట్టేసింది.

దావా వేసిన కొన్ని నెలలకు రైల్వే వాళ్ల జవాబు వచ్చింది. ఈమె కావాలని రైల్లోంచి దూకింది, ఆత్మహత్యా ప్రయత్నం కూడా అయ్యుండొచ్చు, పరిహారం వర్తించదు అని. ఆ మాట ఎలా పాకిందో గానీ, వదిన వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి "ఇంట్ల గోస పెడ్తున్నరా బిడ్డా" అని అన్నయ్య ముందరే అడిగింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. వదినకు డబ్బు పోతుందన్న బాధ కంటే, తాను చావబోయిన మనిషినని కాగితం మీద ఉండిపోతుందన్న మంట ఎక్కువైంది. ఆ జవాబును వేలితో కూడబలుక్కుంటూ చదివి, "దుంకుడా? నేనెప్పుడు దుంకిన?" అంది. తప్పు ఎక్కడ జరిగిందో అప్పటిగ్గానీ నాకు వెలగలేదు.

వకీలు తేలిక దారి చెప్పాడు. నొప్పి మందుల మత్తులో ఏదో అన్నానని చెప్పేయండి, సరిపోతుంది అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "నేను సోయిల ఉండే చెప్పిన సారూ. నా మాటల తప్పులేదు. రాసినామెను నిలవెట్టుండ్రి." తిరిగి వస్తుంటే ఆటోలో నేను బతిమాలాను. మత్తు అంటే పోయేదేముంది వదినా, ఇద్దరం బయటపడతాం అన్నాను. నా పరువు నాకు ముద్దు మరి. ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. "నా మాట నీకు సమజ్ గాలే. గంతే. దానికి నేనెందుకు సోయిలేనిదాన్ని కావాలె?"

అలా నేను ట్రిబ్యునల్లో నిలబడి, తెలుగు టీచరునే గానీ మా వదిన తెలుగు నాకు రాదని, ఆమె ఉరకడమంటే పరుగెత్తడమేనని ఒప్పుకున్నాను. చెవులు కాలిపోయాయి. అవతలి వకీలు నవ్వి, ఇది ఇప్పుడు అల్లిన అర్థం కాదా అన్నాడు. ఆయన అడిగింది నన్నే గానీ, వదిన చంక కర్ర ఊతంగా లేచింది. "సారూ, మా కంపెనీ బస్సు పొద్దుగాల ఆరింటికొస్తది. పద్దెనిమిదేండ్లు రోజు దానెన్క ఉరికిన. ఉరుకుడంటే దుంకుడే అయితే గిన్నేండ్లు నేను బతికుంటనా?" తలుపు దగ్గరున్న జవాను, సంగారెడ్డి మనిషట, అడక్కుండానే తలూపాడు. బండి కదలగానే మహిళ పడిపోయిందని స్టేషన్ మాస్టరు ఆ రోజే రాసిన రిపోర్టు కూడా మాకు కలిసొచ్చింది. తీర్పు మా వైపే వచ్చింది, అందులో 'పరుగెత్తింది' అనే ఉంది. వదిన దాన్ని నాలుగు కాపీలు తీయించి, ఒకటి వాళ్లమ్మకు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది.

ఇప్పుడు ఆమె మాకు దగ్గర్లోని సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీలో సిరంజీలు పరీక్షించే పని చేస్తోంది, కూర్చుని చేసేదే. ఆ ఉద్యోగానికి వెళ్లినప్పుడు కాలు చూసి సందేహించిన సూపర్‌వైజరును "చేతులతోని గద పని" అని నోరు మూయించి వచ్చింది. నేను మాత్రం స్కూల్లో పిల్లల పొట్టి వాక్యాలు కలపడం మానేశాను. ఒకే పొయ్యి దగ్గర ఇరవై ఏళ్లు గడిపాం. పొద్దున్నే చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ "ఉరుకుతున్న పిల్ల, టైమైంది" అని ఆమె రోజూ నాతోనే చెప్పి వెళ్లేది, ఆ మాటకు అర్థమేమిటని అడిగేంత తీరిక ఆ ఇరవై ఏళ్లలో నాకు ఒక్క పూట కూడా దొరకలేదు.