తెర మీద ఎర్రగా

స్వైన్ ఫ్లూ భయం ఉన్న రోజుల్లో రావులపాలెంలో అమలాపురం బస్సెక్కాను. ఆడవాళ్ళ సీట్లో నా పక్కన కువైట్ నుంచి వస్తున్న ఒకావిడ కూర్చుంది. చెల్లెలు కాన్పులో పోయిందని కబురొస్తే బయలుదేరిందట.

"ఎయిర్‌పోర్టులో ఒంటి వేడి చూసే కెమెరా ముందు నడిపించేరండి. తెర మీద నా మొహం ఎర్రగా పడింది. జ్వరమన్నారు. దారంతా ఏడ్చేనండి, అందుకే వేడెక్కిందేమోనని చెప్పినా వినలేదు, ఆసుపత్రిలో ఉంచేసేరు. ఏ రోగమూ లేదని తేల్చి వదిలేసరికి ఇక్కడ దహనం అయిపోయిందండి."

ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నా చెయ్యి తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"ఇప్పుడుందాండీ?"

నుదురు చల్లగా ఉంది.

"లేదండీ," అన్నాను.

"ఆయ్," అంది.

కొత్తపేటలో దిగేదాకా నా చేతిని అక్కడే ఉంచుకుంది. నేనూ తీసుకోలేదు.