ముదురు బండికి కొత్త ఆయిల్

నా బండిని ముసలిదన్న వాళ్లందరికీ నేను ఒకటే జవాబు చెబుతాను: తోసేది మీరు కాదు కదా అని.

మిర్యాలగూడ మిల్లుల్లో తవుడు ఎత్తుకుని సూర్యాపేట, కోదాడ పాడి రైతులకు దింపి రావడం నా పని. కొన్నేళ్ల కింద బస్సు దిగుతూ పడితే ఎడమ మోకాలు చితికింది. దవాఖానలో అతికించారు. ఆ కాలు నిలబడటానికి పనికొస్తుంది గానీ క్లచ్ తొక్కడానికి పనికిరాదు. అందుకే హైదరాబాద్ అంతా గాలించి, మా దగ్గర ఎవరూ కొనని ఆటోమేటిక్ పికప్ ఒకటి పాతది తెచ్చుకున్నాను. దానికి క్లచ్ ఉండదు, కుడికాలు ఒక్కటి చాలు. అది మూలపడితే నేను డ్రైవర్‌ను బతిమాలుకుంటూ, అతనికి వీలైన రోజే గడప దాటాలి. అలాంటి బండి ఇంకొకటి కొనే తాహతు నాకు లేదు.

మొన్నటి వానల్లో సూర్యాపేట దారి ఎత్తు మీద అది మొదటిసారి మొండికేసింది. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలనా వద్దా అన్నట్టు పోతోంది. గేరు మారినప్పుడల్లా నడుం కింద ఎవరో గుద్దినట్టుంది. పక్కకు ఆపి, గేర్‌బాక్స్‌లో ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడి మాడిన పోపు వాసన కొట్టింది.

సూర్యాపేట మెకానిక్ ఆ పుల్ల చూసి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"దీన్ని ముట్టకక్కా. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. గా నల్ల ఆయిలే లోపల ప్లేట్లను పట్టుకొని ఉన్నది. కొత్తది పోస్తే గేరు జారుతది. ఉన్నన్ని దినాలు గిట్లనే నడుపుకో."

ఉన్నన్ని దినాలు అంటే ఎన్ని అని అడిగితే నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ నవ్వు నా మోకాలిని చూసి చాలామంది నవ్విందే.

కోదాడ మెకానిక్‌కు ఆయన జంకుకు రెండింతల హుషారు. "దానిదేముందండీ, ఉన్నదంతా దించేసి డీజిల్ పోసి శుభ్రంగా కడిగేద్దాం. మా దగ్గర ట్రాక్టర్లన్నీ అలాగే కడుగుతాం," అన్నాడు. డీజిల్ డబ్బా అప్పటికే చేతిలో ఉంది. ఈ గేర్‌బాక్స్ లోపల రబ్బరు సీళ్లు, ఆయిల్ పారే సన్నటి దారులు ఉంటాయి, ట్రాక్టర్‌కు చేసే వైద్యం దీనికి పనికిరాదు అని చెప్పి బండి ఎక్కాను. మీకెందుకండీ ఇవన్నీ అన్నాడు వెనక నుంచి. నాకు కాకపోతే ఇంకెవరికి?

ఒకాయన ముట్టనంటాడు, ఒకాయన కడిగి పారేస్తానంటాడు. సూర్యాపేట ఆయన భయంలో కొంత నిజం ఉందని నాకూ తెలుసు. ఒక్కసారి అంతా మారిస్తే పాత గేర్‌బాక్స్ తట్టుకోకపోవచ్చు. అందుకని కొంచెం కొంచెంగా మార్చాలనుకున్నాను. అడుగున బోల్టు విప్పితే సగం కూడా దిగదు, మిగతాది లోపలే ఉండిపోతుంది. దిగినంతే కొలిచి కొత్తది పోయాలి, కొన్నాళ్లు తిప్పాలి, మళ్లీ దించాలి. మా అన్న కాపలా ఉండే మిల్లు ఆవరణలో లారీలు ఎక్కే ఎత్తు మీద బండి పెట్టి, ఖాళీ గోనెసంచులు పరిచి, బిగుసుకున్న కాలు బయటికి చాపి కిందికి దూరాను. వదిన టబ్ పట్టుకుంది. మా అన్న అరుగు మీద కూర్చుని, పోయే ప్రాణానికి కషాయం పోస్తున్నావన్నాడు. పోసే చెయ్యి నాదేలే అన్నాను.

మొదటిసారికే గుద్దడం తగ్గింది. కొన్నాళ్లు తిప్పి రెండోసారి కూడా పోసి, ఇంజన్ నడిపించి చూసుకుని, హాయిగా పడుకున్నాను.

తెల్లారి కోదాడకు తవుడు ఎక్కించుకుని గేరు వేస్తే బండి కదల్లేదు. వెనక్కి వేసినా అంతే. ఇంజన్ ఒక్కటే ఊరంతా వినిపించేలా అరుస్తోంది.

అన్న కిటికీ దగ్గరకొచ్చాడు. "ఇగ ఖతం చెల్లే. నేను ముందుగాల్నే చెప్పిన. తిరుమలగిరిల పాత ఇనుము కొనేటాయన ఉన్నడు, మాట్లాడుత. నువ్వు జర ఇంటి పట్టున కూసో."

భయమేసింది. దాచను. స్టీరింగ్ వదిలితే ఇక మళ్లీ పట్టుకోనేమో అనిపించి దిగకుండా అలాగే కూర్చున్నాను. అప్పుడు వదిన ఇవతలి వైపుకొచ్చి మెల్లగా అంది.

"రాత్రి నువ్వు పోయినంక మీ అన్న పుల్ల తీసి సూసిండు. ఎక్కువున్నదని కింద బోల్టు ఇప్పి జర తీసిండు."

భయం ఎటు పోయిందో తెలియదు, కోపం మిగిలింది. మా దగ్గర ట్రాక్టరైనా లారీ అయినా ఇంజన్ ఆయిల్‌ను బండి ఆపి ఉన్నప్పుడే చూస్తారు. అన్నకు చేతనైంది అదే. కానీ ఈ గేర్‌బాక్స్ ఆయిల్‌ను బండి వేడెక్కి, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. ఆపితే పైనున్న ఆయిల్ కిందికి జారి, పుల్ల మీద ఎక్కువైనట్టు కనిపిస్తుంది. ఆయన మేలు చేస్తున్నాననుకుని, బండికి అవసరమైన ఆయిలే తోడేశాడు.

మిగిలిన కొత్త ఆయిల్ డబ్బా తెచ్చాను. ఇంజన్ నడుస్తుండగా గరాటు పెట్టి వదిన పోసింది, నేను బ్రేకు మీద కాలు పెట్టి ఒక్కో గేరూ వేసి తీశాను. కొంచెం పోయడం, చూడడం, మళ్లీ కొంచెం. పుల్ల మీద గీత దాకా వచ్చాక బ్రేకు వదిలితే, తవుడు బస్తాలతో సహా బండి నెమ్మదిగా ముందుకు జరిగింది.

అన్న తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇయ్యాల నడిచింది. ఎప్పుడో ఒకనాడు ఆగుతది గద."

"ఆగనీ. ఆగిననాడు దిగి నేనే చెప్త. అప్పటిదాంక నన్ను దించే పని పెట్టుకోకు."

ఆయన బండి వెనక్కి నడిచాడు. వెనక తలుపు గొళ్లెం పడిందో లేదో చూసి, వెళ్లి గేటు తెరిచాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు కనపడకూడదని తల తిప్పకుండా గేటు దాటాను, కోదాడ దాకా ఎక్కడా ఆపలేదు.