ఊపిరికి కొసరు

మెదక్ బజారులో పప్పుకూ ఉప్పుకూ చింతపండుకూ బేరమాడినవాళ్లు వేలమంది ఉంటారు గాని, మనిషి ఊపిరిని తూకానికి పెట్టి, ముల్లు చూపించిన దానికంటే ఎక్కువ కట్టి పంపినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. అదీ ఒకరిద్దరికి కాదు, ఒక రైసుమిల్లు మొత్తానికి. ఇరవై రెండేళ్ల వయసులో ఇంతటి ఘనకార్యం చేసినవాడు మా దుకాణదారుల వంశంలో మరొకడు లేడు, ఇక ముందు పుట్టకుంటేనే మంచిది.

మొన్న ఆయాసమని దవాఖానకు పోతే అక్కడి నర్సు పిల్ల ఒక గొట్టం నా నోటికిచ్చి ఊదమంది. ఊదాను. మళ్లీ ఊదాను. మూడోసారికి దగ్గొచ్చింది. ఎదురుగా తెర మీద రెండు వందల పది అని అంకె వెలిగింది. నచ్చని ధర వింటే నా నోరు ఊరుకోదు గదా, “బిడ్డా, జర రెండొందల యాభై చెయ్యరాదు, చూడ బాగుంటది” అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వి, “గట్లెట్ల చేస్త పెద్దనాయినా? తక్కువుంటెనే గద మందిచ్చేది!” అంది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చే దాకా ఆటోలో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ మాట నలభై ఏళ్ల కింద నాకెవరూ చెప్పలేదని ఇక్కడ రాస్తే మీరు నమ్ముతారు. కాని చెప్పారు. మా కాలేజీ మేడం చెప్పారు, అదీ ఒకటికి మూడుసార్లు.

అప్పట్లో డిగ్రీ చదివితే కుర్చీలో కూచునే నౌకరీ వస్తుందని మా ఈడువాళ్లమంతా నమ్మేవాళ్లం. నాకు డిగ్రీ వచ్చింది, కుర్చీ రాలేదు. మా నాయన కిరాణా దుకాణంలో గోనెసంచి మీదనే కూచుని, వచ్చినవాళ్లకు గురిగింజతో తూచినట్టు తూచి, చివర గుప్పెడు కొసరు వేసి పంపడంలో ఆరితేరాను. కొసరు వేయని దుకాణానికి మళ్లీ మనిషి రాడని మా నాయన సిద్ధాంతం. తూకం ఎంతైనా ఉండనీ, ఎదుటివాడి మొహం వెలిగేటట్టు పంపాలె, అంతే. మా గల్లా పైన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఎర్ర రంగుతో రాసిన పలక ఒకటి వేలాడేది. ఈ రెండు సూత్రాలతోనే నేను పెద్దవాణ్నయ్యాను.

మేడం చర్చి దగ్గర ఉండేవారు, కాలేజీలో నాకు ఎకనామిక్స్ చెప్పారు. ఆమె డాక్టరేటు కోసం పాపన్నపేట తొవ్వలో ఉన్న ఒక రైసుమిల్లు మీద పరిశోధన మొదలుపెట్టి, కొలతలు తీసుకోవడానికి మనిషి కావాలని నన్ను పిలిచారు. ఆమె పరిశోధన కాగితంలో నాలుగు భాగాలుండేవి. మిల్లులో ఎక్కడెక్కడ ఎంత దుమ్ము పడుతుందో నూనె పూసిన గాజుపలకలు వేలాడదీసి చూడాలి. పనివాళ్ల ఊపిరి ఎంత బలంగా ఉందో గొట్టంతో కొలవాలి. జబ్బుతో ఎన్ని రోజుల కూలి పోయిందో అడగాలి. ఆఖరున, వాళ్ల పిల్లలు బడికి ఎన్నిరోజులు పోయారో రాయాలి. ఇది సైన్సా, డాక్టరీనా, ఎకనామిక్సా, చదువుల శాస్త్రమా, ఏదో ఒకటి తేల్చుకొమ్మని యూనివర్సిటీలో ఆమెను నాలుగు గదుల చుట్టూ తిప్పారట. “ఆళ్లకు నాలుగు గదులున్నయి బాబూ, కూలోళ్లకు ఒక్కటే అర్ర. దుమ్మైనా దగ్గైనా బడైనా గా ఒక్క అర్రలనే ఉంటయి” అనేవారామె.

గొట్టం నా చేతికిస్తూ ఆమె మరీ మరీ చెప్పింది ఒక్కటే. ప్రతి మనిషితో మూడుసార్లు ఊదించాలి, మూడూ ఉన్నదున్నట్టు రాయాలి. “తక్కువొస్తే తక్కువనే రాయి. తక్కువొచ్చినోళ్లే నాకు ముఖ్యం. ఆళ్లను నేనే దవాఖానకు తీస్కపోత” అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. బేరం కుదిరేటప్పుడు తలూపడం కూడా మాకు చిన్నప్పటి నుంచి అలవాటే.

మిల్లు వాకిట్లో కాంటా పక్కన బల్ల వేసుకుని కూచున్నాను. అంతకు ముందురోజే, ఊపిరి తక్కువొచ్చినవాళ్లను మిల్లు సేటు పనిలోంచి తీసేస్తాడని ఎవరో పుకారు పుట్టించారు. మేడం పేర్లు ఎవరికీ చెప్పనని ఎంత మొత్తుకున్నా, ఆమె పక్కనే మిల్లు గుమాస్తా నిలబడి చూస్తుంటే ఎవరు నమ్ముతారు? మొదట వచ్చిన హమాలీ ఊదితే గొట్టం పక్కనున్న చిన్న ఎర్ర ముల్లు మూడు వందల పది దగ్గర ఆగింది. “గింతేనా? బస్తలు మోసెటోణ్ని, నా ఇజ్జత్ ఏంగావాలె? నాలుగొందలు రాయుండ్రి సారూ” అన్నాడు. మేడం లోపల గాజుపలకలు చూసుకోవడానికి పోయారు. నన్ను సారూ అన్నవాడు అతనే మొదలు. నా ఒంట్లోని దుకాణదారు లేచి కూచున్నాడు. నాలుగు వందలు ఎక్కువ, మూడు వందల డెబ్భైకి ఖాయం చేశాను. వెనకున్నవాడు, “ఆనికి అరవై కలిపితివి, మేమేం పాపం జేసినం?” అని దబాయించాడు. అతనికీ కలిపాను. గంటలో ఆ బల్ల దగ్గర ఏడుపాయల జాతరలో బొమ్మల దుకాణం ముందున్నంత సందడి అయింది. అందరూ నవ్వుతున్నారు, అందరి మొహాలూ వెలుగుతున్నాయి, నాకంటే మంచివాడు ఆ తాలూకాలో లేడనిపించింది.

ఆ వరుసలోనే చిన్నమ్మ వచ్చింది. రక్తసంబంధం కాదు, వరసకు చిన్నమ్మ. మా దుకాణంలో పప్పులు చెరుగుతూ, నన్ను సంకలో వేసుకుని తిప్పిన మనిషి. మొగుడు పోయాక మిల్లులో తౌడు ఎత్తే పనికి కుదిరింది. ఊక పొడి రెప్పల మీద కూడా తెల్లగా పేరుకుని ఉంది. ఊదింది. ముల్లు నూట నలభై దగ్గర ఆగింది. రెండోసారి నూట ముప్ఫై. మూడోసారి నూట పది, ఆ తర్వాత గోడ పట్టుకుని చాలాసేపు దగ్గింది. ఆమెకు అంకెలు రావు. కళ్లు తుడుచుకుంటూ, “ఎంతొచ్చింది బిడ్డా?” అంది.

మీరు గమనించండి, ఆమె నన్ను బేరమాడలేదు. ఎక్కువ రాయమని అడగలేదు. ఉన్నదెంతో చెప్పమంది, అంతే. గుమాస్తా మెడ చాపి చూస్తున్నాడు. నేను మూడు గళ్లలోనూ మూడు వందలు అని రాసి, “మగోళ్లకొచ్చినంత వచ్చింది చిన్నమ్మా, మూడొందలు!” అన్నాను. ఆమె మొహం వెలిగింది. “గిప్పుడు గుండె నిమ్మలమైంది” అని నా తల నిమిరి తౌడు దగ్గరికి పోయింది.

నెల తర్వాత మేడం తమ ఇంట్లో ఆ కాగితాలన్నీ పరిచి పెట్టుకుని, వాటినే చూస్తూ కూచున్నారు. గాజుపలకల మీద దుమ్ము మందంగా ఉంది, జబ్బుతో పోయిన కూలిరోజులు ఎక్కువున్నాయి, పిల్లలు బడికి సగం రోజులే పోయారు. ఊపిరి మాత్రం దుమ్ము సోకకుండా బట్టల దుకాణంలో కూచున్నవాళ్లతో సమానంగా ఉంది. మూడుసార్లూ సరిగ్గా ఊదించావా అని అడిగారు. అవును మేడం అన్నాను. ఆమె నా మొహం వంక ఒక్క క్షణం చూసి, నమ్మారు. ఆ నమ్మకాన్ని ఆమె కళ్లలో చూసినప్పుడైనా నోరు తెరవవలసింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. తెరవలేదు.

దుమ్మును లాగి బయటికి పంపే గొట్టాలు బిగించమని అడగడానికి ఆమె ఆ లెక్కలతోనే సేటు దగ్గరికి పోయారు. నేనూ వెంట ఉన్నాను. సేటు కాగితం చదివి నవ్వుతూ, “మీ లెక్కలే చెప్తున్నయి గద మేడం, మావోళ్లకేం రోగమున్నది?” అన్నాడు. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. జవాబు నా దగ్గర ఉంది. దవాఖానకు తీసుకుపోవలసినవాళ్ల పట్టీలో ఇద్దరి పేర్లే వచ్చాయి. వాళ్లిద్దరూ ఆ రోజు సిగ్గుపడి నన్ను ఏమీ అడగనివాళ్లు.

మూడేళ్లకు చిన్నమ్మ మా దుకాణం మెట్లు కూడా ఎక్కలేని స్థితికి వచ్చి, ఆ మరుసటి ఏడాది పోయింది. అంతకు ముందే ఆమె కూతురు ఏడో తరగతిలో బడి మానేసి తల్లి చోట తౌడు ఎత్తబోయింది. దినాల నాడు ఆ పిల్ల నాకు వడ్డిస్తూ చెప్పింది: “ఎన్నితీర్ల బతిమిలాడిన అన్నా, దవాఖానకు పోదాం రాయే అని. ఇన్నదా? మీ అన్న కొలిచిండు, మూడొందలొచ్చింది, నాకేం రోగం అనేది. ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పుకునేది.” నేను విస్తరి ముందు తల వంచుకుని ఆ ముద్ద మింగాను.

మేడంకు డాక్టరేటు వచ్చింది. ఊపిరి మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని, మనసొప్పకపోయినా అంకెలు చెప్పిందే రాశారు. అట్టకట్టిన ప్రతి ఒకటి నాకు కూడా ఇచ్చారు. మొదటి పేజీలో, కొలతలు నమ్మకంగా సేకరించి పెట్టినందుకు నాకు కృతజ్ఞతలు ఉన్నాయి. చాలా ఏళ్లు ఆ పేజీని ఇంటికొచ్చినవాళ్లకు చూపించాను కూడా. మేడం పోయి ఇప్పటికి ఆరేళ్లు.

ఇప్పుడు ఆ తొవ్వలో మిల్లులకు దుమ్ము లాగే గొట్టాలు వచ్చాయి, పనివాళ్ల మూతులకు గుడ్డలు వచ్చాయి. దవాఖానలో అంకె తెర మీదికి తనంతట తనే వస్తుంది, ఎవడి మొహమాటానికీ పెరగదు. మా బజారులో కొసరు అడిగేవాడూ లేడు, వేసేవాడూ లేడు, అన్నీ ముందే కట్టి వచ్చిన ప్యాకెట్లే. ఆ కాలం మనుషుల ఆప్యాయత పోయిందని నా ఈడువాళ్లు బాధపడుతుంటే నేనూ అవునవునంటూ ఉంటాను. కాని ఆ నర్సు పిల్ల నవ్వుతూ నాకు ఉన్నదున్నట్టు రాసి మందు చీటీ చేతిలో పెట్టినప్పటి నుంచి, మాది ఏపాటి ఆప్యాయతో నాకు అర్థమవుతూనే ఉంది.

చిన్నమ్మ కూతురు ఈ ఊళ్లోనే ఉంది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి దీన్ని చదవగలదు. రేపు పొద్దున పోయి ఈ కాగితాలు ఆమె చేతికే ఇస్తాను. ఏమంటుందో తెలియదు, ఏమన్నా ఈసారి బేరమాడను.

మీ అమ్మ ఊదినవి నూట నలభై, నూట ముప్ఫై, నూట పది. నేను రాసింది మూడుసార్లూ మూడు వందలు. నడుమ ఉన్నదంతా నా పేరన రాసుకో బిడ్డా.