నిమ్మకాయకు దక్కిన చప్పట్లు

మొన్న శనివారం పొద్దున ఇక్కడ ఆస్ట్రేలియాలో, టార్నీట్‌లో మా పక్కింటివాళ్లు కొత్త కారు తెచ్చుకున్నారు. తెల్లగా మెరుస్తున్న ఆ ఎలక్ట్రిక్ బండికి పసుపు కుంకుమలు పెట్టి, ముందు పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మెల్లగా కదిలించారు. బండి చప్పుడు చేయలేదు గాని కాయలు చితికిన చప్పుడు మా వరండాలోకి వినిపించింది. అప్పుడప్పుడే వేడెక్కుతున్న కాంక్రీటు మీద పడ్డ నిమ్మరసం, కొత్త టైర్ల రబ్బరు వాసన కలిసి కంచె దాటి నా కాఫీ కప్పు దాకా వచ్చాయి. ఆ వాసనకి వేరేవాళ్లకు పులిహోర గుర్తొస్తుందేమో, నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లుగా ఒక నిమ్మకాయ మీద అసూయ పడుతున్న మనిషి ఈ దేశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

చదువుకునే రోజుల్లో నేను అడిలైడ్‌లో, మాసన్ లేక్స్ క్యాంపస్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, మార్గరెట్ అనే పెద్దావిడ ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ ఇంగ్లండ్‌లో కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఒక ఊళ్లో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక భర్తకు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పని దొరికితే ఓడెక్కి వచ్చింది. ఆయన పోయాక ఆవిడకు మిగిలినవి ఒక కుక్క, గులాబీ మొక్కలు, హాల్లో అల్మరా నిండా వీడియో క్యాసెట్లు. ఆ అల్మరా తలుపు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. ఇంగ్లండ్‌లో ఆ ఊళ్లోనే ఉన్న చెల్లెలు అక్కకు బెంగ తీరాలని అక్కడి టీవీ కార్యక్రమాలు రికార్డు చేసి క్రిస్మస్‌కి డబ్బాలో సర్ది పంపేదట. వాటిలో సగం ఒక కార్ల కార్యక్రమమే. కార్లు తయారుచేసే ఊరి ఆడవాళ్లకు బెంగ తీర్చేవి కార్లే కాబోలు.

ఆ కార్యక్రమం మీకందరికీ తెలిసినదే. మా చదువు రోజుల్లో ఆస్ట్రేలియాలో దాన్ని చూడని తెలుగు కుర్రాడు లేడు. పాత విమానాల షెడ్డులో జనం చుట్టూ నిలబడి ఉంటే, నడివయసు దాటుతున్న ముగ్గురు మగవాళ్లు ఒకరినొకరు వెక్కిరించుకుంటూ, కార్లు తగలబెడుతూ, లోకంలో తమకు తెలియంది లేదన్నట్టు మాట్లాడేవారు. మా కుర్రాళ్లు వారానికోసారి ఒకరింట్లో చేరి, నూడుల్స్‌లో ఆవకాయ కలుపుకుని తింటూ, ఆ ముగ్గురి మాటలు వాళ్లకంటే ముందే అప్పజెప్పేవారు.

మార్గరెట్ క్యాసెట్లలోది వేరే లోకం. చలికాలం సాయంత్రాలు హీటర్ ముందు కుక్కను మధ్యలో పడుకోబెట్టుకుని చూస్తూ ఆవిడ చెప్పుకొచ్చేది: మొదట్లో అది ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లకు మాత్రమే కనిపించే అరగంట కార్యక్రమమట. పెట్రోలు ఎలా ఆదా చేసుకోవాలి, పాత కారు కొనేటప్పుడు తుప్పు ఎక్కడ వెతకాలి, సీటు బెల్టు ఎందుకు పెట్టుకోవాలి, ఇవీ దాని కబుర్లు. నచ్చి దేశమంతా చూపించడం మొదలుపెట్టారు. తర్వాత రేసులు నడిపినవాళ్లు వచ్చారు, ఉన్ని కోటు వేసుకుని బడిపంతుల్లా వివరించే పెద్దమనిషి వచ్చాడు, ఇంకా తర్వాత జీన్సు ప్యాంటు వేసుకున్న పొడుగు మనిషి వచ్చి గొంతు పెంచాడు. ఒకసారి కార్యక్రమం ఆగిపోయి, రూపం మార్చుకుని, ఆ విమానాల షెడ్డులో మళ్లీ లేచింది. ఇదంతా నాకు మార్గరెట్ చెప్పగా తెలిసిన చరిత్ర. కాని ఆ అల్మరాలో ఒక క్యాసెట్ ఉంది. ఏదో పాత ముచ్చట్లు గుర్తుచేసుకునే ఎపిసోడ్ అది. అందులో తొలినాళ్ల ముక్కలు కొన్ని కలిపారు. వాటిలో కారు నడుపుతూ, ముందుకే చూస్తూ, మనతో మాట్లాడుతున్నది ఒక ఆడమనిషి.

ఆవిడ అంతకుముందు నుంచీ వార్తలు చదివే మనిషట. నవ్వలేదు, కన్ను కొట్టలేదు. గేరు మారుస్తూ, రోడ్డెలా ఉందో, బండెలా ఉందో, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పుకుపోయింది. మా తెలుగు ఫంక్షన్లలోలాగా పక్కన "వెల్కమ్" అనమని ఎవరూ ఆవిడను నిలబెట్టలేదు. నేను ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. నేను పుట్టకముందే, మా ఒంగోల్లో అమ్మాయి సైకిలెక్కితే వీధంతా తలుపుల్లోకి వచ్చే కాలంలోనే, ఇంకో చోట ఒకామె ఇంజిను గురించి మాట్లాడుతుంటే దేశం కూర్చుని వింది. ఆవిడ మీద అసూయ పుట్టింది. అసూయ పాపమని పెద్దలు చెబుతారు. నేను ఒప్పుకోను. పక్కవాడికి ఉన్నది నాకెందుకు లేదని అడగడమే అసూయ అయితే, ఈ లోకంలో మారిన ప్రతి చెడ్డ ఆచారమూ ఎవరో ఒకరు అసూయ పడబట్టే మారింది.

నాకు బండి తెలుసు. మార్గరెట్ దగ్గర డ్రైవింగు నేర్చుకుని, పార్ట్‌టైం పని చేస్తూ ఒక పాత మాన్యువల్ బండి కొనుక్కున్నాను. మాసన్ లేక్స్ చెరువు పక్క ఖాళీ రోడ్ల మీద ఆవిడ పక్క సీట్లో కూర్చుని నేర్పని విద్య లేదు. బ్యాటరీ దిగిపోతే బండిని తోసి ఎలా స్టార్ట్ చేయాలో కూడా నేర్పింది. తాళం తిప్పి, క్లచ్ తొక్కి పట్టుకుని రెండో గేరు వేసి, బండి ఊపందుకోగానే క్లచ్ టక్కున వదలాలి. ముందే వదిలితే ఆగిపోతుంది, ఆలస్యమైతే వీధి అయిపోతుంది. ఆ ఒక్క క్షణం కాలికి తెలియాలి.

ఆ ఏడాది ఉగాది ఫంక్షన్‌కి మా తెలుగు విద్యార్థులు ఆ బ్రిటిష్ షోకి తెలుగు నకలు వేద్దామనుకున్నారు. బండి నాది. ఫంక్షన్ పెత్తనమంతా విజయ ఆంటీది. ఆవిడ మాకంటే చాలా ముందు వచ్చి స్థిరపడ్డ మనిషి, మంచి మనిషి. మా తెలుగు ఫంక్షన్లలో ఒక పద్ధతి ఉంది, ఇప్పటికీ ఉంది: పట్టుచీర కట్టిన అమ్మాయి మైకు దగ్గర నిలబడి స్వాగతం చెప్పాలి, కాస్త తడబడితే ఇంకా ముద్దు. మాటకారితనం, స్కిట్లు, నవ్వించడం అన్నీ అబ్బాయిలవి. అబ్బాయిల్లో మొదటివాడు సునీల్. భీమవరం వాడు, చర్చిలో పాటలు పాడి పాడి తేనెలాంటి గొంతు తెచ్చుకున్నవాడు. వాడికి క్లచ్ తొక్కడం రాదు, ఆటోమేటిక్ బండే నడిపేవాడు. కాని నోరు తెరిస్తే ముసలివాళ్ల నుంచి చంటిపిల్లల దాకా అటే తిరిగేవారు. ఆ గొంతు మీద నాకెంత ఏడుపో చెప్పలేను.

నేనూ ప్రెజెంటర్నే అని చెప్పాను.

"ఆ షోలో ముగ్గురూ మగాళ్లేగదమ్మా. నువ్వొస్తే ఒరిజినల్‌లా ఎలా ఉంటది?" అన్నాడు సునీల్.

"ఒరిజినల్‌లో మొదట కూర్చున్నది ఆడమనిషే."

"అయితే చూపించు. నమ్మమంటే నమ్మడానికి ఇదేం చర్చి కాదు."

విజయ ఆంటీ నా గడ్డం పట్టుకుంది. "నీకు నా గద్వాల చీర ఇస్తానమ్మా. వెల్కమ్ చెప్పు చాలు, బంగారంలా ఉంటావు."

మా నాన్న హైస్కూలు మాష్టారు. సాయంత్రాలు మా ఇంటి వరండాలో హేతువాద సంఘం వాళ్లు చేరి, అమ్మ పెట్టే టీలు తాగుతూ వాదించుకునేవారు. ఆ వరండాలో ఒకటే నియమం: మాట అన్నవాడే రుజువు చూపించాలి. చూపించమన్నందుకు సునీల్ మీద నాకు ఆ ఒక్కసారి గౌరవం కలిగింది. ఆ శనివారం మధ్యాహ్నం అందర్నీ మార్గరెట్ హాల్లో కూర్చోబెట్టి క్యాసెట్ వేశాను. ఆవిడ బిస్కెట్లు, పాలు పోసిన టీ తెచ్చి ఇచ్చింది. తెర మీద చారలు కదిలి, ఆ వార్తలు చదివే ఆవిడ కనిపించింది. గేరు మార్చింది. మాట్లాడింది.

సునీల్ బిస్కెట్ నములుతూ, "ఈవిడేంటి ఒక్కసారీ నవ్వదు?" అన్నాడు. కాని విజయ ఆంటీ ఇంకోసారి వెయ్యమంది. రెండోసారి చూశాక, సరే, అమ్మాయి కూడా ఉంటుంది, చీర మాత్రం కట్టాలి, అని తేల్చేసింది. వాదన గెలిచాను. ఆ వరండాలో పెరిగినదాన్ని, వాదన గెలిస్తే అంతా గెలిచినట్టే అనుకున్నాను.

ఉగాది ఇక్కడ ఎండలు తగ్గి ఆకులు రంగు మారే కాలంలో వస్తుంది. అడిలైడ్ శివారు సాలిస్‌బరీలో అద్దెకు తీసుకున్న చర్చి హాలంతా పులిహోర పోపులోని ఇంగువ వాసన, మల్లెపూలు దొరక్క పెట్టుకున్న గులాబీల వాసన, ఇస్త్రీ పట్టుచీరల వాసన. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ ముక్కలు వేశారు. పిల్లలు చేదని ఉమ్మేసి సిలువ బొమ్మ కింద పరుగులు తీస్తున్నారు. నా బండిని బయట పార్కింగ్‌లో, గేటుకేసి కాస్త వాలుగా ఉన్న చోట నిలబెట్టి, పొద్దుటినుంచి కుర్రాళ్లు డిక్కీ తెరిచిపెట్టి పాటలు పెట్టుకున్నారు. బ్యాటరీ దిగిపోతుందని చెబుతూనే ఉన్నాను. ఎవరు విన్నారు?

సాయంత్రం జనమంతా బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారు. సునీల్ ఒక మైకు, నేను ఒక మైకు. డిక్కీ ఎంత, మైలేజీ ఎంత, తుప్పు ఎక్కడ వస్తుంది అని నేను చదివి తెలుసుకున్నదంతా చెప్పాను, క్యాసెట్ ఆవిడలాగే, నవ్వకుండా. శ్రద్ధగా విన్నారు, మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఇక నడిపి చూపించాలి. ఎక్కబోతుంటే చూశాను, చక్రాల కింద నిమ్మకాయలు. విజయ ఆంటీ ఎప్పుడు పెట్టిందో! వంగి, ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుని, మైకులో, ఇంజినుకు నమ్మకాలతో పని లేదని చెప్పి, లోపల కూర్చుని తాళం తిప్పాను.

టకటకమని ఒక ఎండు చప్పుడు. మళ్లీ తిప్పాను. అదే చప్పుడు.

వెనకనుంచి ఎవరో ఆడగొంతు, "అందుకే తియ్యకూడదు" అంది. నేను మైకు తీసుకుని పాటలు, డిక్కీ లైటు, బ్యాటరీ అని విడమరిచి చెబుతున్నాను. సునీల్ మెల్లగా వచ్చి నా ఒళ్లోని నిమ్మకాయలు తీసుకుని, దొంగతనంగా నాలుగువైపులా చూస్తున్నట్టు నటిస్తూ, ఒక్కో చక్రం ముందు ఒక్కోటి పెట్టి దణ్ణం పెట్టాడు. అప్పటికే జనం నవ్వుతున్నారు. "అయ్యా, అమ్మా, మాది చర్చి ఫ్యామిలీ అండి, మాకీ డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేదు. కాని ఈ బండికి పెట్రోలు కాదండీ, పులుపు తగ్గింది" అన్నాడు. హాలు గోడలు అదిరేలా నవ్వారు. కుర్రాళ్లు వెనక చేరి తోశారు. బండి వాలులో కదిలింది, చక్రాల కింద కాయలు చితికాయి, నేను చీర మోకాళ్ల దాకా లాక్కుని, రెండో గేరులో, కాలికి తెలిసిన ఆ క్షణంలో క్లచ్ వదిలాను. ఇంజిను ఒక్క కుదుపుతో అందుకుంది.

అలాంటి చప్పట్లు నేను మళ్లీ వినలేదు. చుట్టూ తిరిగి వచ్చేసరికి సునీల్‌ని ఎత్తుకున్నారు, విజయ ఆంటీ చితికిన నిమ్మచెక్కను చూపించి ఎవరికో చెబుతోంది. నేను దిగి, నిమ్మకాయలు తీసేసి ఇంకోసారి తోయండి, అప్పుడూ స్టార్ట్ అవుతుంది, చూపిస్తాను అని అరిచాను. అందరూ పులిహోర వరసలోకి వెళ్లిపోయారు. మార్గరెట్ ఒక్కతే కాగితం పళ్లెంతో మూల నిలబడి ఉంది. కారంతో ఆవిడ కళ్లలో నీళ్లు. క్లచ్ చక్కగా వదిలావు అంది.

తర్వాత తర్వాత అర్థమైంది, ఆ కార్యక్రమం చరిత్ర కూడా ఇదే కదా అని. తుప్పు గురించి చెప్పినావిడను కొందరే గుర్తుపెట్టుకున్నారు, కార్లు తగలబెట్టినవాళ్లను లోకమంతా గుర్తుపెట్టుకుంది. నిజం చెప్పడం ఒక విద్య, జనాన్ని నవ్వించి తన వైపు తిప్పుకోవడం ఇంకో విద్య. మా వరండాలో మొదటిది మాత్రమే నేర్పారు. రెండోది సునీల్‌కి ఎవరు నేర్పారో నాకు తెలియదు. దాన్ని నిమ్మకాయకు ధారపోశాడే అని ఇప్పటికీ మంటగా ఉంటుంది.

మార్గరెట్ లేదు. ఆవిడ క్యాసెట్లు ఏమయ్యాయో తెలియదు, దొరికినా వేసి చూడ్డానికి నా దగ్గర మిషను లేదు. ఆవిడ భర్త పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. షెడ్డులోని ఆ ముగ్గురూ చెదిరిపోయారు. సునీల్ సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో స్థిరపడ్డాడు. ప్రతి ఉగాదికీ అక్కడి స్టేజీ మీద ఆ కథ చెబుతాడట. అందులో బండి ఉంటుంది, పులుపు ఉంటుంది, ఎవరో అమ్మాయి స్టీరింగు పట్టుకుని కూర్చుంటుంది. పక్కింటి ఈ కొత్త బండికి క్లచ్ లేదు, గేర్లు లేవు, తోస్తే స్టార్ట్ కాదు. నా కాలికి తెలిసిన ఆ క్షణం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

కాఫీ కప్పు పెట్టి కంచె దగ్గరికి వెళ్లాను. పక్కింటి అమ్మాయి, పదేళ్లుంటాయేమో, నిక్కరు, టీషర్టు, చిందరవందర జుట్టుతో కారు ముందు నిలబడి ఉంది. వాళ్లమ్మ లోపలినుంచి, "తల దువ్వుకుని చెప్పవే, అందరూ చూస్తారు" అంటోంది. పిల్ల, "ఇట్స్ ఫైన్, అమ్మా" అని, నాకేసి తిరిగి ఫోను చాపింది. "ఆంటీ, కెన్ యూ హోల్డ్ దిస్? ఐయామ్ డూయింగ్ ఏ రివ్యూ."

ఫోను తీసుకున్నాను. డిక్కీ ఎంత లోతో, ఛార్జింగుకి ఎంతసేపో చెప్పుకుపోతోంది, ఎవరి అనుమతీ అడగకుండా, ఏ రుజువూ చూపించకుండా, మధ్యలో నవ్విస్తూ కూడా. ఆ పిల్ల మీద నాకు అసూయ పుట్టి, పట్టుకున్న ఫోను పక్కకు ఒరిగిపోయింది. "స్టెడీ, ఆంటీ" అంది.

తెర మీద ఆమె పాదాల పక్కన, టైరు కింద, చితికిన నిమ్మచెక్క కనిపిస్తోంది. అది ఫ్రేములోంచి తప్పుకునేదాకా నేను మెల్లగా పక్కకు జరిగాను.