మా అత్త చెప్పుల నడక

మా మేనత్త పోయింది. పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరి ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడి ఉంటే బావ ఫోన్ చేశాడు. "మేయ్, అమ్మ పోయింది" అన్నాడు. అరటిపళ్ళ బండి పక్కన సిమెంటు దిమ్మె ఉంటే దాని మీద కూలబడ్డాను. నాకు ఏడుపు రాకముందే బావ ఇంకో మాట అన్నాడు. "యా దావన తీసుకపోవాలనో నీకూ చెప్పింది గదా. నువ్వు బిరబిరా రా. ఈడ ఒకరొకరు ఒక మాట చెప్తాండారు."

మీలో కొందరికి ఆమె మైకు ముందు కనిపించిన మనిషిగానే తెలుసు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి, ఏటా మండు వేసవిలో మా ఊళ్ళో 'చెప్పుల నడక' జరిపించిన మనిషి. నాకు ఆమె తలకు నూనె పెట్టిన మనిషి. పెడుతూ చెవి మెలిపెట్టిన మనిషి కూడా.

జమ్మలమడుగుకు కాస్త దూరంలో మా ఊరు. బస్సు దిగి మా కాలనీకి రావాలంటే పెద్దవీధి దాటాలి. ఒకప్పుడు మా వాళ్ళు ఆ వీధి మొదట్లో చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాళ్ళు. వీధి చివర మళ్ళీ వేసుకునేవాళ్ళు. అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు. మా నాయనకు వాళ్ళ నాయన చెప్పాడు, అంతే. మా సీమ ఎండలో ఆ వీధి పొయ్యి మీద పెనంలా ఉండేది.

అత్త అప్పటికి కొత్తగా తల్లయింది. చంటివాడు బావకు జ్వరమొస్తే జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపించుకుని మిట్టమధ్యాహ్నం బస్సు దిగింది. ఒక చంకలో బిడ్డ, ఇంకో చేతిలో మందుసీసా, సంచి. చెప్పులు పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు. వేసుకునే నడిచింది. నీలం తలుపుల ఇంటి అరుగు మీద కూర్చున్న యువకుడొకడు లేచి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందే, కాళ్ళకు కొవ్వు పట్టిందా?"

"కాళ్ళు కాల్తాండాయి సామీ. చేతిలో బిడ్డుండాడు."

అతను వంగి ఒక కాలి చెప్పు లాగి మిద్దె మీదికి విసిరేశాడు. రెండోదాని కోసం వంగేలోగా ఆమె తప్పుకుని నడిచిపోయింది, ఒంటిచెప్పుతోనే, కుంటుకుంటూ.

"ఈ కాలు కాలింది, ఈ కాలు కాలల్యా" అని ఏటా వేదిక మీద రెండు పాదాలూ చూపించి చెప్పేది. జనం నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వేది కాదు. "నగుతారేందప్పా? రెండు కాళ్ళూ కాల్తావుంటే అదే బతుకనుకుంటాం. ఒగటి సల్లగుంటేనే రెండోది ఎంత కాల్తాందో తెలిసేది" అనేది. పెద్ద పెద్ద చదువులు చదివిన వక్తలు ఆమె తర్వాత మైకు తీసుకోవడానికి కాస్త తటపటాయించేవాళ్ళు.

మర్నాడు అదే వేళకు కాలనీ ఆడవాళ్ళను పోగేసింది. చెప్పులు లేనివాళ్ళకు ఇంట్లో మగవాళ్ళవి తొడిగించింది. మా అమ్మ మా నాయన తోలుచెప్పులు ఈడ్చుకుంటూ టపటపా నడిచిందట. తర్వాత గొడవలు జరిగాయి. కొన్నాళ్ళు మా వాళ్ళను కూలికి పిలవలేదు, అంగట్లో ఉప్పు కూడా ఇవ్వలేదు. పోలీసులొచ్చారు, పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ కథంతా ఇక్కడ రాయను. చెప్పులు మాత్రం మళ్ళీ చేతుల్లోకి ఎక్కలేదు. ఆ రోజుతో అత్త నోట్లోంచి 'సామీ' కూడా పోయింది. తహసీల్దారైనా, బస్సు కండక్టరైనా, ఎంత ఆస్తిపరుడైనా 'అప్పా'నే.

ఏటా ఆ రోజున కాలనీ అంతా పెద్దవీధిలో నడవడం అలా మొదలైంది. మొదట్లో ఆడవాళ్ళే. తర్వాత మగవాళ్ళు, ఆ తర్వాత బయటి ఊళ్ళ వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. కుర్రాళ్ళు ఒక ఏడాది ఫ్లెక్సీ మీద 'ఆత్మగౌరవ మహాయాత్ర' అని వేయించారు. అత్త దాన్ని పైనుంచి కిందికి చూసి "నాకు నోరు తిరగడం ల్యా. చెప్పుల నడక అంటే సాలదా?" అంది. మరుసటి ఏడు ఫ్లెక్సీ మారింది.

ఇంకోసారి పులివెందుల నుంచి వచ్చిన కాలేజీ సారొకాయన ఎండకు తాళలేక, "సాయంత్రం పెట్టుకుంటే బాగుంటుంది కదమ్మా, జనం కూడా ఎక్కువ వస్తారు" అన్నాడు. "మాపటికి పెట్టుకుంటే చెప్పులెందుకప్పా? రోడ్డు సల్లగుంటాది, ఉత్తకాళ్ళతోనే పోవచ్చు" అంది. ఆయన జేబురుమాలు తల మీద వేసుకుని చివరిదాకా నడిచాడు. నిజం చెప్పాలంటే ఆ ఎండలో నడవడం నాకూ ఇష్టం ఉండేది కాదు. కానీ ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఆమె గాజుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుండేవి. నడకలో ఎవరి రబ్బరు చెప్పు పట్టీ తెగినా అక్కడే గొంతుక్కూర్చుని పిన్నీసు గుచ్చి సరిచేసేది. ముఖ్య అతిథి చెప్పయినా సరే. శాలువా కప్పబోతే "ఈ ఎండలో ఇదేందప్పా" అని తీసి పక్కన ఎండకు సొమ్మసిల్లిన ముసలమ్మకు తలగడగా పెట్టేసింది ఒకసారి. ఉద్యోగం వచ్చిన ఏడు నేను ప్రొద్దుటూరులో కొత్త చెప్పులు కొనుక్కుని వెళ్ళాను. సగం వీధికే మడమలు బొబ్బలెక్కాయి. విప్పేయబోతే చేయి పట్టుకుంది. "కొత్త చెప్పు కరుస్తాదిలే పాపా. కరిసిందని ఇడిస్తే అది ఎప్పటికీ నీ చెప్పు కాదు." ఆ చెప్పులు తర్వాత నాకు చాలాకాలం వచ్చాయి.

ఎవరైనా ఉత్తకాళ్ళతో కనిపిస్తే ఆమె ప్రాణం విలవిల్లాడేది. అంగన్‌వాడీ పిల్లల దగ్గర్నుంచి దారినపోయే గొర్రెల కాపరి దాకా అందరికీ ఒకటే మాట: "కాళ్ళు కాల్తాయి, ఏసుకో." మొక్కుకుని చెప్పులు మానేసినవాళ్ళను కూడా వదిలేది కాదు. "దేవునితో నేను మాట్లాడతాలే, నువ్వేసుకో" అనేది. ఆమెకు న్యాయం గురించి తెలిసిందంతా ఆ ఒక్క మాటలోనే ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది. ఎవరి కాళ్ళూ కాలకూడదు. ఆమెకు అంతకుమించి సిద్ధాంతం లేదు.

నడక రోజున నీలం తలుపులు మాత్రం మూసుకుని ఉండేవి. ఆనాటి యువకుడు ముసలివాడయ్యాడు. మేము ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే లోపల దగ్గు వినిపించేది, తలుపు మాత్రం తెరుచుకునేది కాదు. అత్త అటు చూసేది కాదు, నినాదాలు గట్టిగా అరవనిచ్చేదీ కాదు.

కొన్నేళ్ళ కింద మామ పోయాడు. వానలు పడుతున్నాయి. శ్మశానం పెద్దవీధికి అవతల, బస్సు రోడ్డు పక్కన ఉంది. అయినా మా వాళ్ళు పాడెను ఎప్పటిలాగే కాలనీ వెనకనించి వంకలో దింపారు. మోకాలి లోతు నీళ్ళు. ఒకరి కాలు జారి పాడె పక్కకు ఒరిగితే అత్త గుండెలు బాదుకుంది. పెద్దకర్మ అయిపోయాక నన్నూ బావనూ కూర్చోబెట్టింది.

"ఏటేటా చెప్పులేసుకోని ఊరేగుతాండాం. పెద్దవీధి మనదీ అంటాండాం. మీ మామను మాత్రం వంకలో ముంచి తీసుకపోయినాం. ఎవురు పొమ్మన్యారు?"

"ఎవరూ అనలేదత్తా" అన్నాను.

"అదే నేను జెప్పేది. ఎవురూ అనల్యా. మనమే పోయినాం. బతికినోళ్ళం నడుస్తాండాం, సచ్చినోళ్ళు ఇంకా సుట్టు తిరిగి పోతాండారు. నన్ను మాత్రం పెద్దవీధిలోనే తీసుకపోండి. ఇంగేం అడగను."

ఇన్నేళ్ళు నడిచి, ఇన్ని సభలు పెట్టి, ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గనిపించింది.

నేను ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. గాజుకు పిన్నీసులు అలాగే ఉన్నాయి. కాలనీ పెద్దలు వంక దారే మేలంటున్నారు. చెట్ల నీడ ఉంది, ఎండాకాలం గనక నీళ్ళు కూడా లేవు, చావు రోజున ఎవరితో పేచీ ఎందుకు, అని. బావ తల వంచుకుని వింటున్నాడు. అతని స్వభావం మెత్తన. నాకు ఒళ్ళు మండింది.

"పెద్దవీధిలో ఎవరైనా వద్దన్నారా?" అన్నాను.

"అనల్యా. అనరు గూడా. అయినా ఎందుకు పాపా..." అన్నాడు ఒక పెద్దాయన.

"అననప్పుడు వంకలో ఎందుకు?"

"సరే, అట్లే కానీ" అన్నాడాయన. అప్పుడు మా అన్న ఇంకో చిక్కు బయటపెట్టాడు. పాడె మోసేవాళ్ళు చెప్పులు వేసుకోరు. అది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. మా అమ్మ గయ్యిమని లేచింది.

"ఆ వీధిలో మళ్ళా ఉత్తకాళ్ళతోనా? దీనికేనా ఆయమ్మ నడిచింది?"

"చెప్పులేసుకోని పాడె మోస్తారా యాడన్నా?" అన్నాడు అన్న.

ఇద్దరి మాటా నిజమే. బావ లేచి లోపలికి పోయాడు. తలుపు మూల నుంచి అత్త రబ్బరు చెప్పులు తెచ్చాడు. అరిగిపోయి మడమల దగ్గర పల్చబడ్డాయి, ఎడమదాని పట్టీకి పిన్నీసు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, బొటనవేళ్ళకు కట్టిన గుడ్డ సర్ది, ఒక్కోటీ తొడిగాడు. జారిపోతుంటే నేను పాత చీర అంచు చింపి కట్టాను.

"అమ్మ ఏసుకుంటాది" అన్నాడు బావ. "మేము ఉత్తకాళ్ళతో మోస్తాం. మేము ఇడిసేది అమ్మకు, వీధికి కాదు."

ఆనాడు ఆమె చంకలో ఉన్న బిడ్డ అతనే. పాడె ముందు కొమ్ము అతనే ఎత్తుకున్నాడు.

మా కాలనీలో ఆడవాళ్ళం కూడా శ్మశానం దాకా పోతాం. పాడె వెనక చెప్పులతో నడిచాం. సిమెంటు రోడ్డు ఆవిర్లు కక్కుతోంది. మోసేవాళ్ళ కాళ్ళు ఎలా కాలుతున్నాయో వాళ్ళ నడక చూస్తేనే తెలుస్తోంది, కానీ ఎవరూ పరిగెత్తలేదు. అరుగుల మీదివాళ్ళు ఒకరొకరే లేచి నిలబడ్డారు. నీలం తలుపులు తెరిచి ఉన్నాయి.

ఆ ముసలాయన అరుగు మీదే ఉన్నాడు. పాడె దగ్గరికొస్తుంటే చేతికర్ర ఊతంగా మెట్టు దిగాడు. దిగి రోడ్డు అంచున చెప్పులు విడిచాడు. వంగలేక ఒక కాలితో ఇంకో కాలి చెప్పును తోసి విడిచాడు. చేతులు జోడించలేదు. పాడె మీంచి కనిపిస్తున్న అరిగిన రబ్బరు చెప్పులనే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఆ రోజు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. శవం పోతుంటే ఎవరైనా చెప్పులు విడుస్తారు, ఆ మర్యాదకే విడిచాడేమో. ఆ మర్యాద ఆ వీధిలో మా మనిషికి జరగడం నేను చూడడం అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చాను, పొద్దుటినుంచి రాని ఏడుపు.

వీధి చివర మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. కర్ర మీద బరువు వేసి ఒక కాలు ఎత్తి, అది దించి రెండోది ఎత్తుతున్నాడు. చెప్పులు పక్కనే ఉన్నాయి. వేసుకోలేదు.

అత్త బతికి ఉంటే చూస్తూ ఊరుకునేది కాదు. "కాళ్ళు కాల్తాయప్పా, ఏసుకో" అనేది.